‘బీపీ నార్మల్‌గానే ఉంది కదా’: ఫియోక్రోమోసైటోమా ఆపరేషన్‌కి ముందు 17 రోజులు

ఆ కేస్ షీట్ నా బల్ల మీదికి సోమవారం వచ్చింది. ఆపరేషన్ శుక్రవారం. కుడివైపు కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో 4.6 సెంటీమీటర్ల గడ్డ, లాపరోస్కోపీ ద్వారా తీసేయాలి, మత్తుకు ఫిట్‌నెస్ కావాలి. పక్కన ఆ రోజు బీపీ రాసి ఉంది: 128/82. దాని కింద ఎవరో ‘బీపీ కంట్రోల్‌లో ఉంది’ అని గీత గీసి మరీ రాశారు.

నేను మత్తు డాక్టర్ని. ఆ షీట్ మీద ‘ఫిట్’ అని రాయలేదు. ‘కనీసం రెండు వారాలు వాయిదా’ అని రాశాను. సర్జన్ వెంటనే ఫోన్ చేశారు. ఇంట్లో వాళ్ళు మరుసటి రోజు వచ్చి నిలదీశారు. ఎవరినీ తప్పు పట్టలేను, కాగితం మీద అంకె నిజంగానే బాగుంది. ఆ అంకెను ఎందుకు నమ్మలేదో, ఆ తర్వాత 17 రోజులు ఏం చేశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి తీసుకున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

పేషెంట్ వయసు 44, బరువు 58 కిలోలు. రెండేళ్ళుగా ఉన్నట్టుండి గుండె దడ, ఒళ్ళంతా చెమట, తల పగిలిపోయేంత నొప్పి. పది నిమిషాలో, పావుగంటో ఉండి దానంతట అదే తగ్గిపోయేది. ఆ సమయంలో ముఖం తెల్లగా పాలిపోయేదని కూతురు చెప్పింది. డాక్టర్ దగ్గరికి చేరేసరికి అన్నీ సర్దుకునేవి. ఈసీజీ బాగానే ఉండేది, థైరాయిడ్ బాగానే ఉండేది. చివరికి ‘టెన్షన్’ అన్నారు. ఆమె కూడా అదే నమ్మింది. “నాకు టెన్షన్ ఎక్కువ డాక్టరు గారూ” అని నాతో తనే మొదలుపెట్టింది. తలనొప్పి, చెమట, దడ ఈ మూడూ కలిసి, విడతలు విడతలుగా వచ్చి పోతున్నాయంటే, అందులోనూ ముఖం ఎర్రబడకుండా పాలిపోతోందంటే, అడ్రినల్ గ్రంథిని తలుచుకోవాలి. ఇది అరుదైన జబ్బే. కానీ అరుదని తలుచుకోకపోవడం వల్లే రెండేళ్ళు గడిచిపోయాయి.

అసలు ప్రమాదం దడ తగ్గడానికి ప్రొప్రనోలాల్ 40 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టినప్పుడు జరిగింది. రెండో మాత్ర వేసుకున్న గంటన్నరకి భరించలేని తలనొప్పి, వాంతులు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే బీపీ 240/130. అక్కడి డ్యూటీ డాక్టర్ మాత్రకూ బీపీకీ ముడిపెట్టి ఆలోచించారు. ప్రొప్రనోలాల్ ఆపించి, బీపీ దింపి, వాంతులతో పాటు కడుపునొప్పి కూడా ఉందని సీటీ తీయించారు. గడ్డ కనిపించింది. కాంట్రాస్ట్ ఇవ్వకముందు తీసిన బొమ్మల్లో దాని సాంద్రత 38 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. కొవ్వు నిండిన మామూలు అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అయితే 10 లోపు ఉంటుంది. రక్తంలో మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) పరీక్షలో నార్‌మెటానెఫ్రిన్ గరిష్ఠ పరిమితికి ఆరు రెట్లు, మెటానెఫ్రిన్ మూడు రెట్లు వచ్చాయి. ఆ రక్తం కూడా పద్ధతిగా, ఆమెను అరగంట వెల్లకిలా పడుకోబెట్టి తీశారు. దాంతో సందేహం లేదు, ఇది ఫియోక్రోమోసైటోమా. అడ్రినల్ గ్రంథి లోపలి పొర నుంచి పుట్టి, అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లను అదుపు లేకుండా రక్తంలోకి వదిలే గడ్డ.

ప్రొప్రనోలాల్ ఎందుకు ఎదురు తిరిగిందో అర్థమైతే, ఆ తర్వాత మేము ఏ మందు ముందు, ఏది వెనుక ఇచ్చామో కూడా అర్థమవుతుంది. ఈ హార్మోన్లకు రక్తనాళాల మీద రెండు రకాల తాళాలున్నాయి, వాటినే రిసెప్టర్లు అంటారు. ఆల్ఫా రిసెప్టర్ మీద పడితే నాళం బిగుసుకుంటుంది. కండరాల్లోని నాళాల్లో ఉండే బీటా రిసెప్టర్ మీద పడితే వదులవుతుంది. ప్రొప్రనోలాల్ లాంటి బీటా బ్లాకర్ ఒక్కటే ఇస్తే వదులు చేసే దారి మూసుకుపోతుంది, బిగించే దారి మాత్రం బార్లా తెరిచే ఉంటుంది. పైగా అంత ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టాల్సిన గుండె బలాన్ని కూడా అదే మందు తగ్గిస్తుంది. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇలాగే మొదలవుతుంది. ఈమె తలనొప్పితో బయటపడింది.

ఆ 128/82ని ఎందుకు నమ్మలేదు

మొదటిది, ఈ గడ్డ రోజంతా ఒకేలా హార్మోన్లు వదలదు. రెండు విడతల మధ్య చూస్తే బీపీ బాగానే ఉండొచ్చు. ఆమె వేసుకుంటున్న బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు నాళాలను కొంత వదులు చేస్తోంది కూడా. కానీ అది ఆల్ఫా తాళాన్ని మూయదు. ఆపరేషన్‌లో సర్జన్ చెయ్యి గడ్డను కదిపినప్పుడు ఒక్కసారిగా రక్తంలోకి దూకే హార్మోన్ల ముందు ఆ చిన్న మోతాదు నిలవదు.

రెండోది, నాకు అంతకంటే ముఖ్యమైనది, అంకెలో కనపడనిది. నెలల తరబడి బిగుసుకుపోయి ఉన్న నాళాల్లో రక్తం పరిమాణమే తగ్గిపోతుంది. నాళం ఇరుకు, అందులో రక్తం కూడా కొంచెమే. రెండూ సరితూగినంత కాలం కఫ్ చుట్టి చూస్తే బీపీ బాగున్నట్టే ఉంటుంది. ఆపరేషన్‌లో గడ్డ నుంచి వచ్చే సిరను క్లిప్ చేసి కత్తిరించగానే హార్మోన్ ఆగిపోతుంది, నాళాలన్నీ ఒక్కసారిగా వదులైపోతాయి. అప్పుడు వాటిని నింపడానికి చాలినంత రక్తం ఉండదు. ముందు బీపీ ఆకాశానికి, తర్వాత పాతాళానికి. పూర్వం ఈ ఆపరేషన్‌లో మనుషులు పోయింది ఈ రెండు చోట్లే. 1926లో స్విట్జర్లాండ్‌లో సీజర్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో ఈ గడ్డలను మొదటిసారి విజయవంతంగా తీశారు. మందులతో మనిషిని సిద్ధం చేసే పద్ధతి అప్పటికి లేదు. ఆ ఇద్దరు పేషెంట్లు బతికి బయటపడడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మంగళవారం ఆమెను పిలిచి నేనే బీపీ చూశాను. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 128/82, పల్స్ 88. నిలబెట్టి మూడు నిమిషాల తర్వాత చూస్తే 102/68, పల్స్ 118. “కళ్ళు తిరుగుతున్నాయి” అంటూ బల్ల అంచు పట్టుకుంది. అప్పటికి ఆల్ఫా తాళాన్ని మూసే ఆల్ఫా బ్లాకర్ మాత్ర ఒక్కటి కూడా ఆమెకు పడలేదు. ఉన్నది ఆమ్లోడిపిన్ చిన్న మోతాదు మాత్రమే, అది పల్స్‌ను 30 పెంచేంత పని చేయదు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 46. ఆ వయసు స్త్రీకి అది ఎక్కువే, రక్తం చిక్కబడిందని అర్థం. బీపీ పేషెంట్ అంటున్న మనిషి ఒంట్లో నిజానికి రక్తం కరువు. ఈ మాట చెప్పడానికి ఆమె కూతురికి ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాను. వాయిదా ఎందుకో అప్పుడు ఒప్పుకున్నారు.

ఏ మందు

ఆల్ఫా బ్లాకర్లలో పాతది ఫినాక్సీబెంజమిన్. రిసెప్టర్‌కి అతుక్కుంటే ఇక వదలదు. ఎంత హార్మోన్ వచ్చినా దాన్ని తోసేయలేదు, అదే దాని బలం. ఆపరేషన్ అయ్యాక కూడా ఆ ప్రభావం పోదు, బీపీ పడిపోయి లేవనంటుంది, అదే దాని ఇబ్బంది. దడ, మత్తుగా ఉండడం, ముక్కు దిబ్బడ కూడా ఎక్కువే. డాక్సజోసిన్, ప్రజోసిన్ లాంటివి ఆల్ఫా రిసెప్టర్లలో ఆల్ఫా-1 రకం మీదే పనిచేస్తాయి, కొంత కాలానికి వదిలేస్తాయి. ఈ రెండు రకాలనూ ముఖాముఖి పోల్చిన ప్రిస్క్రిప్ట్ అనే ట్రయల్ నెదర్లాండ్స్‌లో జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. 134 మంది పేషెంట్లు. ఆపరేషన్‌లో బీపీ హద్దు దాటి గడిపిన సమయం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. ఫినాక్సీబెంజమిన్ గుంపులో బీపీ ఎగుడుదిగుళ్ళు మొత్తం మీద కొంత తక్కువ, బీపీ దింపే మందులు తక్కువ పట్టాయి. కానీ పేషెంట్లు కోలుకున్న తీరులో తేడా కనిపించలేదు. నేను డాక్సజోసిన్ వైపు మొగ్గాను, హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రైనాలజిస్ట్) కూడా అదే అన్నారు. నాళాలు ఆపరేషన్ తర్వాత త్వరగా మా మాట వినాలన్నది నా లెక్క. బీపీ ఎక్కితే దింపడానికి థియేటర్‌లో నా చేతిలో చాలా మందులున్నాయి. పడిపోయి లేవకపోతే ఉన్నవి తక్కువ.

ఆల్ఫా బ్లాకర్ అసలు లేకుండానే ఈ ఆపరేషన్ చేస్తున్న అనుభవజ్ఞులున్నారు, వాళ్ళ నివేదికలు చదివాను. రోజూ ఇవే కేసులు చేసే బృందాల సంగతి అది. ఏడాదికి నాలుగైదు చేసే మాలాంటి వాళ్ళం ఆ దారి పట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

లెబెటలాల్ అనే మందు ఆల్ఫా, బీటా రెండింటినీ మూస్తుంది కదా, అదొక్కటే ఇవ్వొచ్చు కదా అని మా జూనియర్ అడిగింది. మంచి ప్రశ్న. మాత్రగా ఇస్తే లెబెటలాల్‌లో ఆల్ఫా ఒక పాలైతే బీటా మూడు పాళ్ళు, సిర ద్వారా ఇస్తే ఏడు పాళ్ళు. అంటే మొదట్లో అది ముఖ్యంగా బీటా బ్లాకరే. ప్రొప్రనోలాల్ చేసిన పనే ఇదీ చేయగలదు.

కూతురి నోట్‌బుక్

లక్ష్యాలు మొదటి రోజే రాసుకున్నాం. కూర్చుంటే 130/80 లోపు. నిలబడితే పై అంకె 90కి తగ్గకూడదు. పల్స్ కూర్చుంటే 60-70, నిలబడితే 70-80 దగ్గర. ఎండోక్రైన్ సొసైటీ 2014 మార్గదర్శకాలు చెప్పేది కూడా దాదాపు ఇదే. కూతురు గీతల నోట్‌బుక్ ఒకటి కొని గళ్ళు గీసింది: కూర్చుంటే, నిలబడితే, పల్స్, బరువు, నీళ్ళు, చివరి గడిలో ‘అమ్మ ఏమంది’. ఆ చివరి గడి నేను చెప్పలేదు, తనే పెట్టింది. మొత్తం కేసులో నాకు ఎక్కువగా పనికొచ్చింది అదే.

మొదటి రాత్రి డాక్సజోసిన్ 1 మిల్లీగ్రాము, పడుకునే ముందు. మొదటి మోతాదుకే బీపీ బాగా పడిపోయే వాళ్ళుంటారు, అందుకే రాత్రి, అందుకే తక్కువ. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే ముందు మంచం మీద ఒక నిమిషం కూర్చోమన్నాం. మూడో రోజు నుంచి 2 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అయిదో రోజు నుంచి 4 చొప్పున రెండుసార్లు.

మూడో రోజే ఉప్పూ నీళ్ళూ మొదలు. ఇక్కడ ఇంట్లో పెద్ద గొడవ. బీపీ అని ఉప్పు దాదాపు మాన్పించిన మనిషికి ఇప్పుడు ఉప్పు పెంచమంటే ఎవరు నమ్ముతారు? నాకే ఫోన్ చేసి “ఇది పొరపాటున రాశారా?” అని అడిగారు. పొరపాటు కాదు. రోజుకు 5 గ్రాములకు పైగా సోడియం, అంటే ఉప్పు లెక్కలో 12 గ్రాముల పైన. నీళ్ళు రెండున్నర లీటర్లు. ఆల్ఫా బ్లాకర్ నాళాలను వదులు చేస్తుంటే ఆ ఖాళీని ఉప్పూ నీళ్ళూ నింపాలి. మొదటి రోజే ఎందుకు ఇవ్వలేదంటే, నాళాలు బిగిసి ఉండగా నింపితే బీపీ పెరుగుతుంది. ముందు జాగా చేయాలి, తర్వాత నింపాలి. గుండె బలహీనంగా ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా ఇంత ఉప్పు ఇవ్వకూడదు. ఈమె ఎకోలో గుండె గోడ కొంచెం మందంగా ఉంది, పంపింగ్ 55 శాతం. కిడ్నీలు బాగున్నాయి. అందుకే ధైర్యం చేశాం.

ఆరో రోజు నోట్‌బుక్‌లో: కూర్చుంటే 142/88, నిలబడితే 116/74, పల్స్ 108. ‘అమ్మ ఏమంది’ గడిలో: ‘గుండె గొంతులో కొట్టుకుంటోందంట’. ఆల్ఫా బ్లాకర్ పని మొదలుపెట్టిందనడానికి ఇదొక గుర్తు. నాళాలు వదులైతే గుండె వేగం పెంచుకుంటుంది, గడ్డ నుంచి వచ్చే హార్మోన్ కూడా దాన్ని తరుముతుంది. ఇప్పుడు బీటా బ్లాకర్ ఇవ్వచ్చు, ఎందుకంటే ఆల్ఫా మొదలై అయిదు రోజులు దాటింది. కనీసం మూడు నాలుగు రోజులైనా గడవాలి. మెటోప్రొలాల్ 25 మిల్లీగ్రాములు ఏడో రోజు ఉదయం, మా వార్డులోనే వేయించి నాలుగు గంటలు కూర్చోబెట్టాం. పాత మాత్ర పెట్టిన భయం ఆమె కళ్ళలో ఇంకా ఉంది. ‘ఇది కూడా అలాంటిదేనా?’ అని అడిగింది. అబద్ధం చెప్పలేదు. “ఆ కుటుంబంలో మందే అమ్మా. కానీ ఈసారి ముందు తలుపు మూసి, తర్వాత దీన్ని ఇస్తున్నాం” అన్నాను. గంటకోసారి బీపీ చూశాం. ఏమీ కాలేదు. రెండు రోజులకు పల్స్ 80కి దిగింది.

తొమ్మిదో రోజు జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. ఆల్ఫా బ్లాకర్ పూర్తిగా పట్టిందనడానికి ముక్కు దిబ్బడ ఒక మంచి గుర్తు. ముక్కు లోపలి రక్తనాళాలు కూడా వదులవుతాయి కదా. ఆమెకు రాత్రిళ్ళు ఊపిరి ఆడక నోటితో పీల్చుకోవాల్సి వచ్చింది. తమ్ముడు అక్క బాధ చూడలేక మెడికల్ షాపు నుంచి జలుబు మాత్రలు తెచ్చాడు. ఆ రాత్రి నోట్‌బుక్ ఫొటో పంపుతూ కూతురు చివరి గడిలో రాసింది: ‘ముక్కు మూసుకుపోయింది. జలుబు మాత్ర వేసుకుంటానంటోంది.’ వెంటనే ఫోన్ చేసి ఆ స్ట్రిప్ వెనక ఏం రాసుందో చదవమన్నాను. ఫినైలెఫ్రిన్. ముక్కు నాళాలను బిగించడానికి వేసే మందు, ఒంట్లో మిగిలిన నాళాలనూ బిగిస్తుంది. సూడోఎఫెడ్రిన్ అయితే ఇంకా ప్రమాదం, అది నరాల చివర దాచి ఉన్న నార్‌అడ్రినలిన్‌ను బయటికి తోస్తుంది, ఈ పేషెంట్లలో ఆ నిల్వలు నిండుగా ఉంటాయి. మాత్ర అప్పటికి చేతిలోనే ఉంది, నోట్లోకి పోలేదు.

తప్పు తమ్ముడిది కాదు, నాది. ముక్కు దిబ్బడ వస్తుందని నాకు తెలుసు. వస్తే జలుబు మాత్ర వేసుకోవద్దని ముందే చెప్పి ఉండాలి. కళ్ళు తిరగడం గురించి చెప్పాను, దడ గురించి చెప్పాను, ఇది చెప్పలేదు. మరునాడే ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో వేసుకోకూడనివి రాసి ఇంట్లో గోడకు అతికించమన్నాను, అలాంటిదే ఇంకొకటి కేస్ షీట్ ముందు కుట్టించాను: జలుబు మాత్రలు, వాంతికి వాడే మెటోక్లోప్రమైడ్, స్టెరాయిడ్లు, కొన్ని రకాల డిప్రెషన్ మందులు. మెటోక్లోప్రమైడ్‌ని ప్రత్యేకంగా ఎర్ర సిరాతో రాశాను. వాంతి అంటే ఏ వార్డులోనైనా చేతికి మొదట తగిలే ఇంజెక్షన్లలో అదొకటి, ఈ గడ్డ ఉన్నవాళ్ళకి అదే పెద్ద ఉపద్రవం తేగలదు. ఇప్పుడు ప్రతి ఫియో పేషెంట్‌కీ మొదటి రోజే ఈ అట్ట ఇస్తున్నాం. ముక్కుకి ఉప్పునీటి చుక్కలు చాలని చెప్తున్నాం.

పదో రోజు నుంచి డాక్సజోసిన్ 6 చొప్పున, పన్నెండు నుంచి 8 చొప్పున రెండుసార్లు. ఆమ్లోడిపిన్ 5 అలాగే కొనసాగించాం. అది అసలు మందు కాదు గానీ ఆల్ఫా బ్లాకర్‌కి మంచి తోడు.

పద్నాలుగో రోజు కాదు, పదిహేడో రోజు

మార్గదర్శకాల్లో 7 నుంచి 14 రోజులు అని ఉంటుంది. పద్నాలుగో రోజుకి థియేటర్ బుక్ అయింది. పదమూడో రోజు ఉదయం నోట్‌బుక్‌లో 168/98 కనిపించింది. అడిగితే, రెండు రోజులుగా మలబద్ధకం, ముక్కుతూ కూర్చున్నాక తల బరువెక్కిందని చెప్పింది. పొట్టలో ఒత్తిడి పెరిగితే గడ్డ మీద ఒత్తిడి పడుతుంది, అది హార్మోన్ వదలడానికి ఆ మాత్రం చాలు. మలం మెత్తబడే మందు మొదటి రోజు నుంచే ఇచ్చి ఉంటే బాగుండేది.

మేము ఇప్పటికీ పాటించే ప్రమాణాలు రోయిజన్ పేరుతో 1982 నుంచి ఉన్నాయి: ఆపరేషన్‌కి ముందు 24 గంటలు బీపీ 160/90 దాటకూడదు. నిలబడితే 80/45 కంటే పడకూడదు. ఈసీజీలో ఎస్‌టీ, టీ అనే భాగాల్లో మార్పులు వారం రోజులుగా ఉండకూడదు. గుండె గతి తప్పి కొట్టుకోవడం అయిదు నిమిషాలకు ఒకటి మించకూడదు. 168/98తో మొదటి షరతే తప్పింది. సర్జన్‌తో మాట్లాడాను. మరో మూడు రోజులు అన్నాను. ఈసారి ఆయన వాదించలేదు, “మీరు ఎప్పుడంటే అప్పుడే” అన్నారు. ఆ మాటకి నేను ఆయనకి రుణపడి ఉన్నాను. గడువు రోజులతో కాదు, పేషెంట్ ఒంటితో లెక్క పెట్టుకోవాలన్నది ఇద్దరికీ ఒకేలా అర్థమైతేనే ఈ ఆపరేషన్ సజావుగా సాగుతుంది.

పదహారో రోజు అంకెలు: కూర్చుంటే 124/78, పల్స్ 70. నిలబడితే 108/70, పల్స్ 82. బరువు 1.6 కిలోలు పెరిగింది. హెమటోక్రిట్ 41. మొదటి రోజు నిలబడితే 102/68, ఇప్పుడు 108/70, చూడ్డానికి పెద్ద తేడా లేదు. కానీ అప్పుడు పల్స్ 30 ఎగిరింది, కళ్ళు తిరిగాయి. ఇప్పుడు పల్స్ 12 పెరిగింది, ఆమె నిలబడి నాతో మాట్లాడుతూనే ఉంది. అప్పుడు పడింది రక్తం చాలక, ఇప్పుడు పడింది మందు వల్ల. బీటా బ్లాకర్ కూడా పల్స్‌ని పట్టి ఉంచుతుంది కాబట్టి పల్స్ ఒక్కటే చూసి ఈ మాట అనకూడదు. బరువు, హెమటోక్రిట్ కూడా అదే చెప్పాయి కాబట్టి అంటున్నాను. ఫాస్టింగ్ షుగర్ 148 నుంచి 126కి దిగింది, అది ఎదురుచూడని లాభం. ఆ రాత్రి వార్డులో లీటరు సెలైన్ పెట్టాం. డాక్సజోసిన్ చివరి మోతాదు రాత్రి, మెటోప్రొలాల్ మాత్రం ఆపరేషన్ ఉదయం కూడా.

థియేటర్‌లో

మత్తు ఇవ్వకముందే, స్వల్పంగా నిద్రమందు ఇచ్చి, మణికట్టు ధమనిలో లైన్ వేశాం. ఇలాంటి కేసులో కఫ్ కొలతల మధ్య గడిచే రెండు నిమిషాల్లో ఏమైనా జరగొచ్చు. మెడ సిరలో ఇంకో లైన్. మెగ్నీషియం సల్ఫేట్ కిలోకి 40 మిల్లీగ్రాముల చొప్పున నెమ్మదిగా ఇచ్చి, తర్వాత గంటకు గ్రామున్నర చొప్పున. అది హార్మోన్ విడుదలనూ తగ్గిస్తుంది, నాళాలనూ వదులు చేస్తుంది. మత్తుకు ఫెంటానిల్, ప్రొపోఫాల్, రోక్యురోనియం, సెవోఫ్లురేన్. కెటమిన్, డెస్‌ఫ్లురేన్ జోలికి పోలేదు, అవి సింపథెటిక్ నరాలను రెచ్చగొడతాయి. ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయించే మార్ఫిన్, అట్రాక్యురియం కూడా వద్దన్నాం. బీపీ దింపే నైట్రోప్రుసైడ్, ఫెంటాలమిన్, ఎస్మోలాల్ ఒక ట్రేలో, బీపీ పెంచే నార్‌అడ్రినలిన్, వాసోప్రెస్సిన్ ఇంకో ట్రేలో. ఒకటి సిర కట్టకముందుకి, రెండోది కట్టిన తర్వాతకి.

ట్యూబ్ వేసినప్పుడు 142/84. పొట్టలోకి గ్యాస్ నింపినప్పుడు, ఒత్తిడి 10లోనే ఉంచినా, 164/92. గడ్డను కాలేయం కిందినుంచి విడదీస్తుండగా స్క్రీన్ మీద ఎర్ర గీత నిట్టనిలువుగా లేచింది: 178, 190, 206/112. “ఆపండి” అన్నాను. సర్జన్ పరికరాలు కదపకుండా అలాగే పట్టుకున్నారు. నైట్రోప్రుసైడ్ పెంచి, ఫెంటాలమిన్ 2 మిల్లీగ్రాములు ఇచ్చాం. రెండు నిమిషాల్లోపే 150కి దిగింది. థియేటర్‌లో ఎవరూ మాట్లాడలేదు, మానిటర్ చప్పుడు ఒక్కటే. సిద్ధం చేయని పేషెంట్‌లో ఇదే క్షణం 250 దాటడం నేను చూశాను. ఇంతకు మించి ఈమెకు పెరగలేదు.

కుడివైపు అడ్రినల్ సిర పొట్టిగా ఉండి నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది, అందుకే అది సర్జన్‌కి గడ్డుచోటు. “క్లిప్ వేస్తున్నా” అని ముందే చెప్పారు. నైట్రోప్రుసైడ్ ఆపేశాను. క్లిప్ పడ్డ నిమిషానికి 82/46. 500 మిల్లీలీటర్ల ద్రవం వేగంగా, నార్‌అడ్రినలిన్ నిమిషానికి కిలోకి 0.08 మైక్రోగ్రాములు. ఆరు నిమిషాల్లో 108/62. డాక్సజోసిన్ ఇంకా ఒంట్లో ఉంది కాబట్టి నార్‌అడ్రినలిన్‌కి నాళాలు సరిగా స్పందించకపోవచ్చన్న అనుమానం ఉండింది. ఆ దారి పని చేయకపోతే వాడదామని వాసోప్రెస్సిన్ సిరంజిలో నింపి ఉంచాం, దానికి ఆల్ఫా రిసెప్టర్‌తో పని లేదు. వాడాల్సిన అవసరం రాలేదు. నార్‌అడ్రినలిన్ ఆ రాత్రి పదకొండుకి పూర్తిగా ఆపేశాం.

ఐసీయూలో మూడో గంటకి షుగర్ 62. ఇన్నాళ్ళూ ఇన్సులిన్‌ని తొక్కిపట్టి ఉంచిన హార్మోన్ ఒక్కసారిగా లేకపోయేసరికి ఇన్సులిన్ పొంగుతుంది. మత్తులో మగతగా ఉన్న మనిషిలో షుగర్ పడిపోవడం బయటికి తెలియదు, అందుకే గంటకోసారి వేలు గుచ్చి చూడమని రాసి పెట్టాం. డెక్స్‌ట్రోజ్ ఇచ్చాం, తెల్లారేసరికి నిలకడగా ఉంది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఇంటికి వెళ్ళింది. డాక్సజోసిన్, మెటోప్రొలాల్ రెండూ ఆపేశాం. ఆమ్లోడిపిన్ మరో రెండు వారాల తర్వాత అక్కర్లేకపోయింది. నాలుగు వారాలకు చేసిన మెటానెఫ్రిన్ల పరీక్ష నార్మల్. ఈ గడ్డల్లో ఇది ఎప్పటికీ తిరిగి రాదని కచ్చితంగా చెప్పగల పరీక్ష లేదు. 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కూడా వీటన్నిటికీ వ్యాపించే అవకాశం ఉందనే పరిగణిస్తున్నారు. కాబట్టి ఏటా రక్తపరీక్ష తప్పదని చెప్పాం.

ఆరు వారాలకు నా దగ్గరికి వచ్చింది. మందుల్లేకుండా 118/76, నిలబడితే 114/76. దడ మళ్ళీ రాలేదు. కూతురు నోట్‌బుక్ తెచ్చింది, చివరి పేజీ ఖాళీగా ఉంది. “ఇప్పుడు ఉప్పు ఎంత వేసుకోవాలి?” అని ఆమె అడిగింది. అందరిలాగే, తక్కువగానే అని చెప్పాను.

ఈ జబ్బు ఉన్నవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి వంశపారంపర్యంగా వచ్చే జన్యు మార్పు ఉంటుంది. ఆమె రక్తం ఆ పరీక్షకి పంపాం, రిపోర్టు ఇంకా రావాలి. ఈలోగా జలుబు మాత్ర తెచ్చిన ఆ తమ్ముడి బీపీ ఒకసారి చూపించమన్నాను. వచ్చే వారం వస్తానన్నాడు.